ఫోటోలు కంప్యూటర్లోంచి బయటికి మార్చాలంటే: ఒక ఎస్‌ఎస్‌డీ కొనాలా, రెండు హార్డ్ డిస్కులు కొనాలా?

లాప్‌టాప్‌లో సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగా అయిపోయింది, ఫోటోలన్నీ బయట దేన్లోకైనా మార్చేద్దాం, ఏది కొనమంటారు అని ఒడిశాలో మా బరంపురంలో గానీ అటు పర్లాకిమిడి, గుణుపురం వైపు గానీ ఎవరడిగినా నేను ముందు తిరిగి అడిగేది ఒక్కటే, మార్చాక కంప్యూటర్లో ఉన్నవి డిలీట్ చేసేస్తారా అని. చేసేస్తాం, మరి అందుకే కదా మార్చేది అంటారు. అక్కడే ఉంది అసలు విషయం. డిలీట్ కొట్టిన నిమిషం నుంచి మీ ఇంటి ఫోటోలన్నీ ఆ కొత్త డబ్బాలో ఒక్కచోటే ఉంటాయి, అది చెయ్యి జారి పడినా, ఎవరైనా బ్యాగుతో సహా పట్టుకుపోయినా, ఇంట్లోకి వరద నీళ్ళొచ్చినా ఇంక అంతే సంగతులు. కంప్యూటర్ ఖాళీ చెయ్యడం వేరు, ఫోటోలు దాచుకోవడం వేరు, ఈ రెండూ ఒకే పని అనుకోబట్టే చాలా ఇళ్ళల్లో పెళ్ళి ఫోటోలు పోతున్నాయి.

అందుకని ఏ కంపెనీ, ఎంత స్పీడు అనే లెక్కల్లోకి పోకముందే నా మాట చెప్పేస్తున్నా. మామూలు కుటుంబానికైతే ఒక ఖరీదైన ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్) బదులు ఒకే సైజు మామూలు పోర్టబుల్ హార్డ్ డిస్కులు రెండు కొనండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వేరే ఊళ్ళో. ఇది ఎందుకు, ఎవరికి సరిపోదు అన్నది కింద రాస్తున్నా.

ముందు అసలు ఎంత సరుకు ఉందో చూస్కోండి. ఫోటోల ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఎన్ని ఫైళ్ళు, ఎన్ని జీబీ అని చెప్పేస్తుంది. ఫోన్‌తో తీసిన ఫోటో ఒక్కోటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది, 4 ఎంబీ చొప్పున వేస్కుంటే 300 జీబీ అంటే 75 వేల ఫోటోలు, అన్ని ఫోటోలు నిజంగా ఉన్నాయా అని చూస్తే చాలామందికి ఉండవు, సగం స్థలం వీడియోలే తినేస్తుంటాయి, మిగతాది ఒకే ఫోల్డర్‌ని నాలుగుసార్లు కాపీ చేసినవీ, వాట్సాప్‌లో వచ్చిన గుడ్ మార్నింగులూను. కెమెరాలో రా ఫైళ్ళు, అంటే జేపీజీగా కుదించని ఫోటోలు తీసేవాళ్ళ లెక్క వేరు, 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైల్ ఒక్కోటి పాతిక ముప్పై ఎంబీ దాకా వస్తుంది. ఎవరైనా సరే ఇప్పుడున్నదానికి రెండింతలు పట్టే సైజు కొనుక్కోండి. 1 టీబీ డ్రైవ్ పెడితే విండోస్ 931 జీబీ అనే చూపిస్తుంది, షాపువాడు మోసం చేశాడని కంగారు పడొద్దు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు హార్డ్ డిస్క్ సంగతి. అరచేతిలో పట్టేంత ఉండే 2.5 అంగుళాల పోర్టబుల్ డ్రైవ్, వేరే అడాప్టర్ అక్కర్లేదు, యూఎస్‌బీ నుంచే కరెంట్ తీస్కుంటుంది. స్పీడు సెకనుకి 100 ఎంబీ పైచిలుకు. అంటే 300 జీబీ కాగితం మీద 50 నిమిషాల్లో అయిపోవాలి, కానీ ఫోటోలు వేలకొద్దీ చిన్న ఫైళ్ళు కాబట్టి అంతకంటే బాగా ఎక్కువే పడుతుంది, పైగా ఇప్పుడొచ్చే పోర్టబుల్ డ్రైవుల్లో ఎక్కువ భాగం ఎస్‌ఎంఆర్ రకం, అంటే డేటా గీతలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కేలా రాసేవి, ఏకధాటిగా రాస్తూ పోతే మధ్యలో నెమ్మదిస్తాయి, పాడైపోయిందేమో అని పీకేయకండి, రాత్రి భోజనాలకి ముందు పెట్టేసి వదిలెయ్యండి. దీని బలహీనత ఒక్కటే, లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, తిరిగేటప్పుడు పడితే దాన్ని చదివే హెడ్ వెళ్ళి పళ్ళేనికి తగులుతుంది, ఆ తర్వాత డేటా తీయించాలంటే ల్యాబులకి పంపాలి, అది డ్రైవ్ ఖరీదుకి ఎన్నో రెట్లు అవుతుంది, తిరిగొస్తుందని గ్యారంటీ కూడా ఉండదు. వారంటీలో కొత్త డ్రైవ్ ఇస్తారు గానీ మీ ఫోటోలు ఇవ్వరు. కానీ కదలకుండా ఒకచోట పెట్టి, నెలల తరబడి అల్మారాలో ఉంచేసే పనికి మాత్రం ఇదే మంచిది, తక్కువ డబ్బులకి ఎక్కువ చోటు, రెండు కొనగలిగే ధర.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేవి ఏవీ ఉండవు. బండి మీద బ్యాగులో ఎగిరెగిరి పడినా ఏం కాదు. మామూలు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ సెకనుకి 400, 500 ఎంబీ ఇస్తుంది, ఇంకా మంచివి 1000 దాకా పోతాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఒకటి గమనించండి, మీ పాత లాప్‌టాప్ లోపలున్నదే హార్డ్ డిస్క్ అయితే అది చదివేదే సెకనుకి 100 ఎంబీ, అప్పుడు మీరు బయట ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ తగిలించినా కాపీ ఆ వందలోనే నడుస్తుంది, మీరు పెట్టిన అదనపు డబ్బంతా వృథా. అలాగే లాప్‌టాప్‌కి ఉన్న సాకెట్ యూఎస్‌బీ 2.0 అయితే ఏది పెట్టినా 30, 40 ఎంబీ దాటదు. చాలా లాప్‌టాపుల్లో 3.0 సాకెట్ లోపల నీలం రంగు నాలుక ఉంటుంది, కొన్నిట్లో రంగు ఉండదు, పక్కన ఎస్‌ఎస్ అని చిన్న గుర్తు ఉంటుంది, అది చూసుకుని పెట్టుకోండి.

ఎస్‌ఎస్‌డీతో నాకున్న అసలు అభ్యంతరం స్పీడు కాదు, వదిలేసి ఉంచడం. దాంట్లో డేటా అంటే లోపల నిలిచి ఉన్న కరెంట్ చార్జే, ఏళ్ళ తరబడి ఏ కంప్యూటర్‌కీ పెట్టకుండా ఉంచితే అది మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా పోతుంది. బాగా వాడేసి అరిగిన ఎస్‌ఎస్‌డీ కరెంట్ లేకుండా 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలిస్తే చాలు అన్నదే ఆ పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. కొత్తది అంతకంటే చాలా ఎక్కువే ఆగుతుంది, భయపడాల్సింది లేదు, కానీ మన వైపు మే నెలలో మూసిన గదిలో అల్మారా లోపల 30 డిగ్రీల దగ్గర ఆగుతుందా చెప్పండి. ఇంకోటి, హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టిక్ టిక్ అని చప్పుడో, నెమ్మదించడమో ఏదో ఒక సూచన ఇస్తుంది, ఎస్‌ఎస్‌డీ అయితే నిన్నటిదాకా బాగుండి ఈరోజు అసలు కనిపించకుండా పోగలదు.

మరి ఎస్‌ఎస్‌డీ ఎవరికి? పని చేసుకునేవాళ్ళకి. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మన కుర్రాళ్ళు ఉన్నారు, రెండేళ్ళకోసారి బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర వస్తే వేషాలన్నీ రాత్రి తెల్లవార్లూ తీసి పొద్దున్నకి ఎడిట్ చేసి ఇచ్చేవాళ్ళు, వాళ్ళకి డ్రైవ్ మీదే ఫైల్ తెరిచి పని చెయ్యాలి, బ్యాగులో రోజూ తిరగాలి. అలాంటివాళ్ళు కళ్ళు మూసుకుని ఎస్‌ఎస్‌డీ తీస్కోండి, అయితే పని అయిపోయిన సరుకు మాత్రం హార్డ్ డిస్కుల్లోకి దింపుకోండి.

మధ్యలో ఇంకో దారి ఉంది, చాలామందికి తట్టదు. మీ లాప్‌టాప్ పాతదైతే, లోపలి హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, లాప్‌టాప్‌కి ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, తీసిన పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టించుకుంటే బయటి డ్రైవ్ అయిపోతుంది, కేసింగ్ కొన్ని వందల రూపాయలే. కాకపోతే ఆ డిస్క్ ఇప్పటికే ఐదారేళ్ళు తిరిగి ఉంటుంది కాబట్టి దాన్ని మూడో కాపీగా మాత్రమే నమ్మండి, ముందు డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూడండి, గుడ్ అని నీలం రంగులో వస్తే సరే, కాషన్ అని పసుపు వస్తే ఆ డిస్క్‌లో ఏదీ దాచొద్దు.

పెద్ద 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డ్రైవులు చోటు పరంగా చవక, కానీ వాటికి వేరే అడాప్టర్ ఉండాలి, కాపీ మధ్యలో కరెంట్ పోతే ఆగిపోతాయి, యూపీఎస్ లేని ఇంట్లో వద్దు. ఇంట్లో నెట్‌వర్క్‌కి తగిలించే నాస్ పెట్టెలు స్టూడియోలకీ, నలుగురూ వాడే ఆఫీసులకీ బాగుంటాయి, ఒక ఇంటికి అంత ఖర్చు అక్కర్లేదు, పైగా దాంట్లో రెండు డిస్కులున్నాయి కదా అని రెండు కాపీలు ఉన్నట్టు కాదు, పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండిట్లోనూ ఒకేసారి పోతుంది.

పెన్‌డ్రైవులు, మెమరీ కార్డులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పట్టుకెళ్ళడానికే. దాచడానికి కాదు. మరీ చవగ్గా 2 టీబీ పెన్‌డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి అసలు పోకండి, లోపల 32 జీబీయో 64 జీబీయో ఉండి 2 టీబీ అని చూపించేలా చేసి ఉంటారు, కాపీ అంతా బాగానే అయినట్టు కనిపిస్తుంది, తర్వాత తెరిస్తే సగం ఫోటోలు బూడిద రంగు డబ్బాలు. ఏ కొత్త డ్రైవ్ కొన్నా ఫోటోలు పెట్టకముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం నడిపి మొత్తం చోటు నిజమేనా అని చూస్కోవడం మంచిది, గంటలు పడుతుంది గానీ ఒక్కసారే కదా.

డీవీడీల గురించి ఒక్క మాట. ఒక్కో డీవీడీలో పట్టేది 4.7 జీబీ, 300 జీబీకి 64 డీవీడీలు కావాలి, ఆ మాట వదిలెయ్యండి. కానీ 2005, 2010 ప్రాంతంలో స్టూడియోవాళ్ళు ఇచ్చిన పెళ్ళి డీవీడీలు మీ బీరువాలో ఉంటే మాత్రం అవి ముందు బయటికి తియ్యండి, కొత్త లాప్‌టాపుల్లో డీవీడీ డ్రైవే రావట్లేదు, మన సముద్రపు గాలి తేమకి డిస్క్ మీద మచ్చలు పడుతున్నాయి, ఇంకా చదువుతున్నప్పుడే హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించెయ్యండి.

క్లౌడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఫోన్ చేసి గూగుల్ ఫోటోస్‌లో పెట్టెయ్యి నాన్నా అని తేలిగ్గా చెప్పేస్తారు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడిటికీ కలిపి, 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ చెరో 5 జీబీ. అంతకు మించితే నెలనెలా కట్టాలి, కట్టడం ఆపితే కొత్తవి ఎక్కవు. సరే కడతాం అన్నా, ఎక్కించడం ఉంది కదా. మీ నెట్ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ వస్తే సెకనుకి ఒకటింపావు ఎంబీ, 100 జీబీ పోవడానికి 22 గంటల పైన, 300 జీబీకి దగ్గర దగ్గర మూడు రోజులు ఆగకుండా నడవాలి. బరంపురంలో ఫైబర్ ఉన్నవాళ్ళకి ఇది పర్వాలేదు, గుణుపురం దాటి కొండల వైపు మొబైల్ డేటా మీద బతికేవాళ్ళకి ఇది జరిగే పని కాదు.

దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది, సింక్, అంటే లాప్‌టాప్‌లోనూ క్లౌడ్‌లోనూ ఎప్పుడూ ఒకేలా ఉంచడం. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఉన్న ఫోటోలు క్లౌడ్‌లోకి పోయాయి కదా అని లాప్‌టాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో కూడా డిలీట్ అయిపోతాయి. స్థలం ఖాళీ అవ్వాలంటే డిలీట్ కొట్టకూడదు, రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ కొట్టాలి. ఫోన్‌లో గూగుల్ ఫోటోస్‌ది కూడా ఇదే వరస, యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోదీ పోతుంది. ఇంకా, రెండేళ్ళపాటు అసలు వాడని గూగుల్ అకౌంట్‌ని వాళ్ళు తీసెయ్యొచ్చు, నాన్నగారి పేరు మీద తెరిచి వదిలేసిన అకౌంట్లలో ఏమున్నాయో ఈరోజే చూడండి. అందుకే నేను క్లౌడ్‌ని వద్దు అనను గానీ, ఫోటోలన్నిటికీ వాడొద్దు, ఎంచిన వాటికే వాడండి. తాతల నాటి స్కాన్ చేసిన ఫోటోలు, పెళ్ళిలో మంచివి ఓ రెండొందలు, పోయినవాళ్ళవి. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు 2004లో ఆగిపోయింది, 2011లో మళ్ళీ వచ్చింది పెద్ద లైన్ మీద, ఆ చిన్న రైలు ముందు నిలబడి తీయించుకున్న ఫోటో ఎవరింట్లోనైనా ఉంటే అది మళ్ళీ తియ్యలేం కదా, అలాంటివి రెండు డిస్కుల్లోనూ, క్లౌడ్‌లోనూ మూడు చోట్లా ఉండాలి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇదే, మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట.

ఇంటి బయట అన్న మాట మన జిల్లాలకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా ఏడాదికి 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస వైపు నుంచి వచ్చి గజపతి జిల్లాని వరదల్తో ముంచేసింది. రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెట్టుకుంటే రెండు కొన్న ప్రయోజనమే లేదు. పక్క వీధిలో చెల్లెలి ఇంట్లో పెట్టడం కూడా సరిపోదు, అదే తుఫాను, అదే వరద. రాయగడలో చుట్టాలుంటే అక్కడ, జయపురంలో ఉంటే అక్కడ, లేదా హైదరాబాద్‌లో ఉన్న కొడుకు సెలవలకొచ్చి వెళ్ళేటప్పుడు వాడి చేతికి. ఊరు వెళ్ళేటప్పుడు డిస్క్‌ని బట్టల మధ్యన చుట్టి చేతి సంచిలో పెట్టండి, పైన బెర్త్ మీంచి పడేలా వదలకండి. పాస్‌వర్డ్ పెట్టుకుంటే పెట్టుకోండి గానీ ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి, పాస్‌వర్డ్ మర్చిపోతే డిస్క్ ఉన్నా లేనట్టే.

ఇంట్లో ఉంచే దానికి తేమ శత్రువు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి, సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఆ పొట్లాలు మధ్యమధ్యలో మారుస్తూ ఉండాలి. వాడేసిన వెంటనే వేడి మీద డబ్బాలో మూసెయ్యకండి, చల్లారాక పెట్టండి.

ఇంక కాపీ చేసే పని. కట్ చేసి పేస్ట్ చెయ్యొద్దు, కంట్రోల్ ఎక్స్ అన్నది ఈ పనిలో అసలు ముట్టుకోకండి, ఎప్పుడూ కాపీయే. లాప్‌టాప్‌ని చార్జర్‌కి పెట్టి స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. డ్రైవ్ ఫార్మాట్, అంటే దాంట్లో ఫైళ్ళు సర్దే పద్ధతి, ఏముందో చూడండి, విండోస్ మాత్రమే వాడేవాళ్ళకి ఎన్‌టీఎఫ్‌ఎస్ మంచిది, మ్యాక్‌కి కూడా పెట్టాలంటే ఎక్స్‌ఫ్యాట్ కావాలి ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ దాంట్లోకి రాయదు. పాత ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన వీడియో ఎక్కనే ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్ వాడేవాళ్ళు ఎజెక్ట్ కొట్టకుండా వైరు లాగే అలవాటు మానుకోవాలి, మధ్యలో ఆగిపోతే సర్దుకునే ఏర్పాటు దాంట్లో లేదు.

ఒక్కో ఏడాది ఫోల్డర్ చొప్పున కాపీ చెయ్యండి, అయ్యాక రెండువైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్లు సమానంగా ఉన్నాయా చూడండి. అది సరిపోయినా లోపల ఫోటో పాడైందో లేదో తెలీదు కాబట్టి కాపీ చేసే సాఫ్ట్‌వేర్ టెరాకాపీలో వెరిఫై పెట్టి కాపీ చేస్తే ఇంకా మంచిది, లేదా ఫోల్డర్లని పోల్చే ఫ్రీఫైల్‌సింక్‌లో కంటెంట్ ప్రకారం పోల్చమని పెట్టండి. రెండో డిస్క్‌లోకి కూడా కంప్యూటర్ నుంచే కాపీ చెయ్యండి, మొదటి డిస్క్ నుంచి కాదు, మొదటిదాంట్లో ఏదైనా తప్పు దొర్లితే అదే తప్పు రెండోదాంట్లోకీ పోతుంది. కాపీ అయ్యాక డేట్ క్రియేటెడ్ ఈరోజు తేదీ చూపిస్తుంది, కంగారు వద్దు, ఫోటో తీసిన అసలు తేదీ ఫైల్ లోపల డేట్ టేకెన్ కింద భద్రంగానే ఉంటుంది. ఫోల్డర్ పేర్లు 2018-05 అక్క పెళ్ళి అన్నట్టు ఏడాది ముందు వచ్చేలా పెట్టుకుంటే వరసలో ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఫోటోలు సర్దుకున్నవాళ్ళు కొంచెం ఆగండి. పికాసాని గూగుల్ 2016లో ఆపేసింది గానీ మన వైపు పాత కంప్యూటర్లలో ఇంకా నడుస్తూనే ఉంది, దాంట్లో మీరు చేసిన మార్పులు ఫోల్డర్‌లో దాగి ఉన్న డాట్ పికాసా డాట్ ఐఎన్‌ఐ అనే చిన్న ఫైల్‌లో ఉంటాయి, ఫోటోల్ని విడిగా సెలెక్ట్ చేస్తే అది మిస్సవుతుంది, ఫోల్డర్ మొత్తంగా కాపీ చెయ్యండి. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్ళు విండోస్‌లో ఫోల్డర్ జరిపేస్తే లైట్‌రూమ్‌లో ఆ ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం గుర్తు వస్తుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్ అని కొత్త చోటు చూపిస్తే సర్దుకుంటుంది. కేటలాగ్ ఫైల్‌ని కూడా డిస్కుల్లోకి కాపీ చెయ్యడం మర్చిపోవద్దు, మీ ఎడిటింగ్ అంతా అందులోనే ఉంది. మ్యాక్‌లో ఫోటోస్ లైబ్రరీ అంతా ఒకే పెద్ద ఫైల్‌లా కనిపిస్తుంది, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ మీద పెట్టి నడపకూడదు, మ్యాక్ సొంత ఫార్మాట్ ఏపీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఫోటోస్ తెరిచి కొత్త లైబ్రరీ ఎంచుకోవాలి.

రెండు డిస్కులూ సరిచూసుకున్నాక కూడా వెంటనే డిలీట్ చెయ్యకండి, కొన్ని వారాలు ఆగి, ఇంకోసారి రెండూ పెట్టి అక్కడక్కడా ఫోటోలు, వీడియోలు తెరిచి చూసి, అప్పుడు కంప్యూటర్లోవి తీసెయ్యండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తేనే స్థలం తిరిగొస్తుంది. తర్వాత ఏటా సెప్టెంబర్‌లో, అక్టోబర్ తుఫాన్లు రాకముందే, ఇంట్లో డిస్క్‌ని ఓసారి కంప్యూటర్‌కి పెట్టి ఆ ఏడాది కొత్త ఫోటోలు ఎక్కించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రంగు చూస్కోండి. బయట ఊళ్ళో ఉన్నదాన్ని పండక్కో పెళ్ళికో ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు తెప్పించుకుని ఇంట్లోదాంతో మార్పిడి చేస్తే సరిపోతుంది. ఐదేళ్ళు దాటిన డిస్క్ బాగానే ఉన్నా దాని పక్కన కొత్తది ఒకటి చేర్చండి, పాతది పారెయ్యక్కర్లేదు, నడిచినన్నాళ్ళు అదీ ఒక కాపీయే.